నిద్రించినవాడి హాజరు

చిట్కుల్,
15 జూలై 1973, ఆదివారం.

తమ్ముడు జ్ఞానప్రకాశానికి అక్క సువార్తమ్మ ప్రేమతో రాసేది.

నిన్ను ఆ గుట్ట మీద క్షయ ఆసుపత్రిలో దింపి వచ్చి పదిరోజులైంది. తిరుగు బస్సులో నేను ఏడవలేదు, నీ భార్యా ఏడవలేదు. ఇంటికొచ్చి సంచి విప్పితే నీ దువ్వెన మా దగ్గరే ఉండిపోయింది. అప్పుడు ఎలిజబెత్, నేను కూర్చుని ఏడ్చాం. అందాకా పక్క మంచం ఆయన దువ్వెన అడుక్కో, మొహమాటపడకు.

వారమంతా నేను కొండాపూర్ బడిలోనే ఉంటాను. శనివారం సాయంత్రం ఇక్కడికొచ్చి ఆదివారం ఎలిజబెత్ దగ్గర గడిపి పోతాను. ఆమెకు చదువు రాదు కాబట్టి ఆమె చెప్పేది నేనే రాస్తాను, నువ్వు రాసేది నేనే చదివి వినిపిస్తాను. మీ ఇద్దరి మధ్య నేను తపాలా బంట్రోతుననుకో. కుట్టు మిషను సంగతి నిన్ను అడగొద్దని చెప్పమంటోంది. అంటే అది ఏమైందో నీకు అర్థమయ్యే ఉంటుంది.

డాక్టరు చెప్పింది మళ్ళీ రాస్తున్నాను, దగ్గుతూ నువ్వు సగమే విన్నావు. మాత్రలు అక్కడ ఊరికే ఇస్తారు. సూది మందు బయట కొనాలి, రోజుకొకటి, మూడు నెలలు. మధ్యలో ఆపితే ముందు పొడిపించుకున్నదంతా దండగేనట. పాలు, గుడ్లు వేరే. మొదటి నెల మందు పంపాం. రెండో నెల సంగతి దేవుడికి తెలుసు, నాకింకా తెలియదు.

ఫ్యాక్టరీలో నీ షిఫ్టు మేస్త్రీ యాదన్నను కలిశాను. జబ్బు చేసినవాడికి ఇచ్చేదేమీ లేదన్నాడు. పోయినేడు కొలిమి దగ్గర భీమశంకరం చనిపోతే అందరూ తలా ఒక్క హాజరు, అంటే ఒకరోజు కూలి, ఆయన ఇంటికి రాసిచ్చారు కదా. ఆ ఆనవాయితీ చావుకే ఉందట. బతికున్నవాడికి ఎందుకివ్వరని నిలదీశాను. యాదన్న తల వంచుకుని, "గట్ల ఎన్నడు జెయ్యలే టీచరమ్మా. ఒకనికిస్తే అందరు దగ్గుకుంటనే వస్తరు," అన్నాడు. మంచివాడే, గాని ఆ మాటకు నాకు ఒళ్ళు మండింది.

కరుణ నీ చాప మీద తానే పడుకుంటోంది. నీకు ముద్దులు పంపింది, లెక్కపెట్టమంది.

నీ అక్క,
సువార్తమ్మ.


ఆసుపత్రి గుట్ట,
29 జూలై 1973.

తపాలా బంట్రోతు అక్కకు తమ్ముడి వందనాలు.

నాది పద్నాలుగో మంచం. పదమూడో మంచం మీద సంగారెడ్డి పాండురంగం సేటు ఉన్నాడు. బజారులో ఆయన కిరాణా దుకాణం నీకు గుర్తుండే ఉంటుంది, చిన్నప్పుడు బెల్లం కోసం పోయేవాళ్ళం. ఇప్పుడది ఆయనది కాదు. జబ్బు మొదటి ఏడాది సరుకు మింగింది, రెండో ఏడాది తక్కెడతో సహా దుకాణాన్నే మింగింది. "ఇగ తీస్కపోనీకి నా దగ్గర ఏం మిగల్లే, నేనే మిగిలిన," అని నవ్వుతాడు. నాకు దువ్వెన ఇచ్చింది ఆయనే.

ఇక్కడికొచ్చినప్పటి నుంచి నాకు కన్ను మూతపడలేదు. పడుకుంటే దగ్గు, కూర్చుంటే చెమట. ఇక్కడ నాలాంటి వాళ్ళు నలభైమంది దగ్గుతారు, ఒకరు ఆపితే ఇంకొకరు అందుకుంటారు.

ఒకమాట చెప్తాను, ఎలిజబెత్‌కు చదివి వినిపించకు. నన్ను తీసుకుపోండి. మిషను పోయింది. తరువాత నీ మెడలో గొలుసు పోతుంది. ఆ తరువాత కరుణ పాలు పోతాయి. మూడు నెలలు సూదులు కొనేకన్నా నేను ఇంటి దగ్గర పోవడం చవక. పాండురంగం సేటును రోజూ చూస్తున్నాను కాబట్టి చెప్తున్నాను.

అయినా బతకాలనే ఉంది అక్కా. క్రిస్మస్ నాటికి కరుణకు ఆరేళ్ళు నిండుతాయి. ఆ రోజు నేను ఇంట్లో ఉండాలి. ఇంకేమీ అడగను.

నీ తమ్ముడు,
జ్ఞానప్రకాశం.


(పోస్టుకార్డు)

ఆసుపత్రి గుట్ట,
8 ఆగస్టు 1973.

అక్కా, సంతోష వార్త. నిన్న మంగళవారం రాత్రి నేను నిద్రించితిని. నాయన బైబిలు భాషలో రాస్తే నువ్వు నవ్వుతావని ఇలా రాశాను. పాలవాడు వచ్చి లేపేదాకా కదల్లేదు. నెలరోజుల తరువాత. సూది మందు పని చేస్తోందని డాక్టరు అన్నాడు. గాని ఇంకా పది రోజులకే ఉంది.

జ్ఞానప్రకాశం.


చిట్కుల్,
19 ఆగస్టు 1973, ఆదివారం.

తమ్ముడికి,

సూది మందు ఇక ఆగదు. రెండో నెలదీ మూడో నెలదీ కలిపి కొన్నాం, ఈ కవరు అందేసరికి పార్సెలూ అందుతుంది. పాలకూ గుడ్లకూ వేరే పంపుతాం. ఎక్కడివని అడగకు. నా గొలుసు నా మెడలోనే ఉంది.

పోస్టుకార్డు రాయకు. మూసిన కవరే రాయి. చిట్కుల్‌కు రాయకు, కార్డు రాసినట్టే కొండాపూర్ బడికే రాయి, కవరు మీద నీ పేరు పెట్టకు. ఫ్యాక్టరీవాళ్ళు ఎవరికీ ఏమీ రాయకు. యాదన్నకు అసలే రాయకు.

ఎలిజబెత్ ఈ రోజు గోంగూర పచ్చడి చేసింది. నీకు ఎంతో ఇష్టముండేదని చెప్పుకున్నాం.

సువార్తమ్మ.


ఆసుపత్రి గుట్ట,
23 సెప్టెంబరు 1973.

అక్కా,

నెలదాటింది, నువ్వు రాయమన్నట్టే మూసి రాస్తున్నాను. సూదులు అందుతున్నాయి, జ్వరం పోయింది, మూడు కిలోలు పెరిగాను. ఇవన్నీ మంచి మాటలే. గాని నాకు భయంగా ఉంది, ఎందుకో చెప్తాను.

నీ పోయిన ఉత్తరాన్ని పదిసార్లు చదివాను. నీకు గోంగూర ఇష్టముండేది అని రాశావు. ఉండేది ఏమిటక్కా, ఇప్పుడూ ఇష్టమే కదా. తెలుగు చెప్పే టీచరువు, నీ చేతిలో అలాంటి తప్పు దొర్లదు.

మొన్న గురువారం పెద్దరాములు ఇక్కడికొచ్చాడు. మన షిఫ్టువాడే, చిట్కుల్లో మనింటికి నాలుగిళ్ళ అవతల ఉంటాడు. వాళ్ళ మామ ఆరో వార్డులో ఉన్నాడట. పట్టపగలు, నేను నల్లా దగ్గర మొహం కడుక్కుంటున్నాను. రాములూ అని పిలిచాను. మనిషి కొయ్యబారిపోయాడు. చేతిలో బత్తాయిల సంచి ఉంటే నా వైపు చూస్తూనే దాన్ని నేల మీద పెట్టి రెండు చేతులూ జోడించాడు. ఏందిరా అని ఒక అడుగు వేశాను. వాడు ఒక అడుగు వెనక్కి వేశాడు.

"ఎందుకన్నా ఇంకా తిరుగుతున్నవ్?" అన్నాడు. "ఎలిజబెతమ్మకు నౌకరి దొరికింది. పిల్ల మంచిగనే ఉన్నది. మేం అందరం ఇచ్చినం గద. ఇగ పో అన్నా."

అని వెనక్కి వెనక్కి నడుస్తూనే గేటు దాటిపోయాడు. బత్తాయిలు అక్కడే ఉన్నాయి. నేను ముట్టుకోలేదు.

ఆ సాయంత్రం కాంపౌండరును అడిగాను, అయ్యా నేను ఉన్నానా అని. పద్నాలుగో మంచం పాలు రోజూ ఖర్చవుతున్నాయి కాబట్టి ఉన్నట్టే అన్నాడు. ఆయన నవ్వాడు, నాకు నవ్వు రాలేదు. పాండురంగం సేటు పోయి ఆరు రోజులైంది. ఆయన దువ్వెన నా దగ్గరుంది. పొద్దున దాంతో తల దువ్వుకుంటూ ఉంటే ఒక ఆలోచన వచ్చింది. పోయింది ఆయనొక్కడేనా, నేనూ పోయానా, పోయానని నాకు ఎవరూ చెప్పలేదా?

ఎలిజబెత్‌కు నౌకరి ఏమిటి? ఎవరు ఏమిచ్చారు? ఒట్టు పెట్టి అడుగుతున్నాను, దాచకుండా రాయి.

జ్ఞానప్రకాశం.


చిట్కుల్,
30 సెప్టెంబరు 1973, ఆదివారం.

తమ్మీ,

నువ్వు బతికే ఉన్నావు. ముందు ఆ మాట రాసి తరువాతిది రాస్తున్నాను. నిన్ను చంపింది నేను.

నువ్వు నిద్రపోయానని రాసిన కార్డు బడికి అందిన వారం పదిహేనో తారీఖు కవాతు కోసం పిల్లల్ని తయారు చేస్తూ నేను చిట్కుల్ పోలేకపోయాను. నీ సంతోషం సంఘంలో చదివించాలని ఒక చీటీ రాసి పాస్టరు అబ్రహాము గారికి పంపాను. ఆ చీటీలో ప్రతి అక్షరం నాకు గుర్తుంది. "నా తమ్ముడు జ్ఞానప్రకాశము మంగళవారము రాత్రి నిద్రించినాడు. నెలరోజుల బాధ తీరినది. ప్రభువుకు స్తోత్రము."

ఇప్పుడు చదువు. మన ఆరాధనలో ఒక మనిషి నిద్రించినాడు అంటే పోయాడనే కదా అర్థం? సమాధి రాళ్ళ మీద నాయన చెక్కించిన మాట ఏమిటి? ముప్ఫై ఏళ్ళుగా వింటున్న మాట, రాసేటప్పుడు నాకు తట్టలేదు. నిద్రపోయాడు అని రాసి ఉంటే సరిపోయేది. పాస్టరు గారికి రాసేది కదా, కాస్త గ్రంథ భాషలో ఉండాలని రాశాను.

పాస్టరు గారు చీటీ చదవగానే సంఘమంతా లేచి నిలబడిందట. ఎలిజబెత్ ఆ బెంచీ మీదే పడిపోయింది. ఆమె నిజమనే అనుకుంది, నిజంగానే ఏడ్చింది. తెల్లారి సోమవారం ఫ్యాక్టరీలో రెండు షిఫ్టులూ తలా ఒక్క హాజరు రాసిచ్చాయి. రెండువందల పదకొండుమంది. మంగళవారం యాదన్న గుడ్డసంచిలో డబ్బు తెచ్చి ఆమె ఒళ్ళో పెట్టిపోయాడు.

కబురు తెలిసి నేను పరుగున వచ్చేసరికి మంగళవారం మధ్యాహ్నమైంది. సంచి ఆమె ఒళ్ళోనే ఉంది. నేను తలుపు మూసి నీ కార్డు చదివి వినిపించాను, బతికే ఉన్నాడని చెప్పాను. ఆమె కార్డు తీసుకుని కళ్ళకద్దుకుంది. తరువాత ఇలా అంది:

"వదినా, ఆయన బతికున్నడు, మంచిదే. ఈ సంచి మల్ల ఇచ్చేస్తే ఎన్నొద్దులు బతుకుతడో జెర చెప్పు."

ఇంట్లో బియ్యం లేవు. మందుల దుకాణంవాడు నగదు లేకుండా సూదులు ఇవ్వనన్నాడు. నీకు మందు మూడు రోజులకే ఉంది. అబద్ధ సాక్ష్యం పలుకరాదని పిల్లలతో వల్లె వేయించే నోరు నాది. అది ఆ రోజు మూసుకుంది, ఈ రోజుదాకా తెరుచుకోలేదు.

తరువాత ఒకటి వెనక ఒకటి వచ్చాయి. శవమేదని అడిగారు. ఆ జబ్బు శవాన్ని ఇవ్వలేదని, గుట్ట మీదే మట్టి చేశారని ఎవరో వాళ్ళే చెప్పుకున్నారు, మేం కాదనలేదు. సెప్టెంబరులో జ్ఞాపకార్థ కూడిక పెట్టారు. అందులో నేను ముందు వరసలో కూర్చుని నీ గురించి మంచి మాటలన్నీ విన్నాను. నీకు అంత మంచి పేరుందని నాకు తెలియదు. ఫ్యాక్టరీ గుమాస్తా రిజిస్టరులో నీ పేరు కొట్టేసి, పోయినవాడి భార్య అని ఎలిజబెత్‌ను ప్యాకింగులో పెట్టుకున్నాడు. ఆ కూలితోనే నీ పాలూ గుడ్లూ, ఇంటి కిరాయీ.

కరుణకు కూడా నిజం చెప్పలేదు. ఆరేళ్ళు నిండని పిల్ల, వాకిట్లో నిలబడి ఊరందరికీ చెప్పేస్తుంది. అందరికన్నా ఆ పిల్లకు చేసిన అన్యాయమే నన్ను పీక్కుతింటోంది.

నువ్వు వస్తే ఎలిజబెత్ నౌకరి పోతుంది. సంచి తిరిగివ్వమంటారు, అది నీ నరాల్లోకి పోయింది. రాకపోతే నా తమ్ముడు నా చీటీలోనే ఉండిపోతాడు. ఏం చేయమంటావో నువ్వే చెప్పు. తిట్టాలనిపిస్తే తిట్టు.

అక్క.


ఆసుపత్రి గుట్ట,
7 అక్టోబరు 1973.

అక్కా,

రెండు రోజులు తిడుతూ ఉత్తరం రాసి చించేశాను. నాయన ఉంటే నవ్వి ఉండేవాడు. చిన్నప్పుడు తప్పు రాస్తే నన్ను బెత్తంతో కొట్టేవాడు, నిన్నెప్పుడూ కొట్టలేదు. ఒక్క దెబ్బ వేసి ఉంటే నేను బతికేవాణ్ణి.

కోపం ఎవరి మీదో నాకు తెలియడం లేదు. నీ మీద కాదు. ఎలిజబెత్ మీద అసలే కాదు, ఆమె అడిగినదానికి నా దగ్గరా జవాబు లేదు. యాదన్న మీద కోపం తెచ్చుకుందామంటే ఆయన తన హాజరు కూడా ఇచ్చాడు. చచ్చినవాడికి ఇచ్చేది దగ్గేవాడికి ఇవ్వరన్న ఆ ఆనవాయితీ మీద కోపం. గాని దానికి మొహం లేదు, ఎవర్ని పట్టుకుని అడగను?

మంగళవారం సూది వద్దన్నాను. బుధవారమూ వద్దన్నాను. నర్సమ్మ లక్ష్మీనరసమ్మ గారు నా మంచం మీద కూర్చుని, మధ్యలో ఆపి మళ్ళీ వచ్చినవాళ్ళలో ఎంతమందిని తాను ముసుగు కప్పి పంపిందో చెప్పింది. గురువారం చెయ్యి చాపాను.

అప్పటి నుంచి ఒకటి పట్టుకుంది నన్ను. సూది దిగేటప్పుడు ఇది ఎవరి హాజరు అనిపిస్తుంది. ఒక్కో రోజు ఒక్కో మనిషి గుర్తొస్తాడు. మొన్న కొలిమి దగ్గర నడుం వంగిపోయిన ముసలి సాయిలు. నిన్న నాతో పడనివాడు, ఏడాదిగా మాటల్లేనివాడు, వాడూ ఒకరోజు కూలి నా చావుకిచ్చాడు. వాళ్ళంతా నా శవం మీద వేసిన మట్టి నాకు నెత్తురవుతోంది. ఇలా బతికినవాడు ఇంకెవడైనా ఉన్నాడా?

తూకం మళ్ళీ పెరిగింది. చచ్చిపోయిన తరువాతే నేను బాగుపడుతున్నాను.

కరుణకు ఏం చెప్పారో రాయి. ఏ మాటతో చెప్పారో అదే మాట రాయి.

జ్ఞానప్రకాశం.


చిట్కుల్,
9 డిసెంబరు 1973, ఆదివారం.

తమ్మీ,

నువ్వడిగిన మాటకు రెండు నెలలు జవాబు రాయలేదు, మిగతావే రాస్తూ వచ్చాను. ఇక దాచి లాభం లేదు.

కరుణకు మేమేమీ చెప్పలేదు. పాస్టరు గారే ఆ ఆదివారం దాన్ని ఒళ్ళో కూర్చోబెట్టుకుని, మీ నాయన నిద్రించినాడమ్మా అన్నారట. పిల్లకు సమాధి రాళ్ళ భాష తెలియదు. నిద్రపోయాడు, లేస్తాడు అనుకుంది. ఆ రోజు నుంచి అదే మాట మీదుంది.

నీ చాప మీద పడుకోవడం మానేసింది. సాయంత్రం కాగానే దాన్ని గోడవారగా పరుస్తుంది, నీ దుప్పటి వేస్తుంది, పక్కన నీ దువ్వెన పెడుతుంది. దాని మీదుగా ఎవరినీ నడవనివ్వదు. ఎవరైనా గట్టిగా మాట్లాడితే నోటి మీద వేలు పెట్టి ఆ చాప వైపు చూపిస్తుంది. గిన్నె కింద పడితే పరుగున పోయి చాప వైపు తొంగిచూస్తుంది. పక్కింటి ఎంకమ్మ మొదట్లో కళ్ళు తుడుచుకునేది, ఇప్పుడు మనింటికి రావడం మానేసింది. పిల్లకు ఎవరో కనిపిస్తున్నారని ఊళ్ళో చెప్పుకుంటున్నారట.

ఎలిజబెత్ షిఫ్టు నుంచి వచ్చి చాప చుట్టూ తిరిగి వంటింట్లోకి పోతుంది. మేమిద్దరం గుసగుసగానే మాట్లాడుకుంటాం. నువ్వు బతికున్నావని తెలిసిన ఇద్దరం, తమ్మీ. మేమే ఆ చాప వైపు చూడకుండా తల తిప్పుకుని నడుస్తాం.

పోయిన వారం కరుణ ఎవరికీ చెప్పకుండా ఇంత కాగితం రాసి, నిద్రలో చదువుకుంటాడేమో, చాప కింద పెట్టమని నాకిచ్చింది. నేను పెట్టలేదు. నీకు పంపుతున్నాను. తప్పులు దిద్దలేదు.

"నాయిన ఎప్పుడు లేస్తవు. నేను సప్పుడు జేస్త లేను. కరున."

అక్క.


ఆసుపత్రి గుట్ట,
16 డిసెంబరు 1973.

అక్కా,

మూడుసార్లు తెమడ పరీక్ష చేశారు, మూడుసార్లూ ఏమీ లేదు. మాత్రలు ఇంటి దగ్గర ఏడాది మింగాలి, బరువులు ఎత్తకూడదు, ఇక పోవచ్చన్నాడు డాక్టరు. కాగితం రాసిచ్చాడు. అందులో నా పేరు ఉంది, పక్కన సంతకం ఉంది. నేను బతికున్నట్టు నా దగ్గరున్న రుజువు అదొక్కటే.

ఇరవై నాలుగు సోమవారం వస్తాను. ముందు ఫ్యాక్టరీ గేటుకు పోయి అందరి ఎదుట నిలబడతాను, తరువాత ఇంటికి. నౌకరి పోతుందని నాకు తెలుసు. అందుకే ఎలిజబెత్‌ను అడుగు. ఆమె వద్దంటే ఒక్క మాట రాయి. ఇక్కడే వార్డు ఊడ్చే పని ఇస్తామన్నారు, ఇంకో పేరుతో ఉండిపోతాను. తిట్టుకోను.

కరుణ కాగితం జేబులో ఉంది.

జ్ఞానప్రకాశం.


(ఇన్‌లాండు కవరు)

కొండాపూర్,
20 డిసెంబరు 1973.

తమ్మీ,

నీ ఉత్తరం అందగానే సెలవు పెట్టి చిట్కుల్ పోయి అడిగి వచ్చాను. ఎలిజబెత్ బియ్యం ఏరుతోంది. చేట పక్కన పెట్టలేదు, తల ఎత్తలేదు. "గేటుకు గాదు, మొదలు ఇంటికి రమ్మను. ఎవరి నౌకరి పోతె పోనీ. పిల్ల ఎదురుసూస్తున్నది," అంది.

ఆ రోజు నేను ఉండను. ఇక్కడ బడిలో క్రిస్మస్ నాటిక ఉంది. అది సాకని నీకూ తెలుసు.

సువార్తమ్మ.


చిట్కుల్,
13 జనవరి 1974, ఆదివారం.

అక్కా,

మూడు ఆదివారాలైంది నువ్వు రాక. సిగ్గుతో రావడం లేదని ఎలిజబెత్ అంటోంది. ఇక్కడ ఏం జరిగిందో అంతా రాస్తున్నాను, చదివి వచ్చెయ్.

ఇరవై నాలుగు మధ్యాహ్నం పటాన్‌చెరులో బస్సు దిగి, తలకు తువ్వాలు చుట్టుకుని చేల గట్ల మీదుగా వచ్చాను. ఎలిజబెత్ షిఫ్టులో ఉంది, కరుణ బడిలో ఉంది. తాళంచెవి ఎప్పటి చోటే ఉంది. లోపల చాప పరిచే ఉంది, నువ్వు రాసినట్టే దుప్పటి, దువ్వెన. ఎవరో ఇప్పుడే లేచి బయటికి పోయినట్టుంది. దాని మీద పడుకోవాలంటే నాకే భయమేసింది. అలసట ఆగనివ్వలేదు. కరుణ వచ్చేదాకా కళ్ళు మూసుకుందామనుకున్నాను గాని నిజంగానే నిద్రపట్టేసింది.

కళ్ళు తెరిస్తే కరుణ నా పక్కన కూర్చుని ఉంది. నా వైపు కాదు, వాకిలి వైపు చూస్తోంది, నోటి మీద వేలు పెట్టుకుని. వాకిట్లో వాడకట్టంతా నిలబడి ఉంది. ఎంకమ్మ, పెద్దరాములు, పాస్టరు గారు, షిఫ్టు దిగి వచ్చినవాళ్ళు, అందరి వెనక ఎలిజబెత్. ఒక్కరూ గడప దాటలేదు, ఒక్కరూ మాట్లాడలేదు. నా రొమ్ము లేస్తూ దిగుతూ ఉంటే చూస్తున్నారు. ఆ పిల్ల వాళ్ళను గంటసేపు అలాగే నిలబెట్టిందట.

నాకు దగ్గొచ్చింది. దగ్గగానే జనమంతా ఒక అడుగు వెనక్కి వేశారు. కరుణ ఇటు తిరిగింది.

"లేసినవా నాయినా?"

లేచానమ్మా అన్నాను. దానికి ఆశ్చర్యమేమీ లేదు. పోయి చెంబుతో నీళ్ళు తెచ్చింది, తాగేదాకా నిలబడింది, తరువాత గట్టిగా, నాలుగు నెలల్లో మొదటిసారి గట్టిగా నవ్విందట. ఎలిజబెత్ అప్పుడు జనాన్ని తోసుకుంటూ లోపలికొచ్చింది. ఆ తరువాతిది నేను రాయలేను.

నీ చీటీ గురించి పాస్టరు గారు ఏమన్నారో విను. సంఘం పుస్తకంలో నిద్రించినాడు అనే రాశాం, అందులో అబద్ధమేమీ లేదు, కొట్టెయ్యక్కర్లేదు అన్నారు. నువ్వు ఇంకెందుకు దాక్కుంటావు?

ఇరవై ఆరున గేటు దగ్గరికి పోయాను. యాదన్న దగ్గరికొచ్చి నా మణికట్టు పట్టుకున్నాడు, చాలాసేపు వదల్లేదు. నాడి చూస్తున్నాడని తరువాత అర్థమైంది. నేను జరిగిందంతా చెప్పబోయాను. ఆయన వద్దన్నాడు.

"పోయినోని పెండ్లాం సూది మందు ఎవరికి కొన్నదని మేం అడగలే," అన్నాడు. "అడిగితె, నీకు ఇయ్యకుంట ఆపవలసి వస్తుండె."

కొందరికి తెలుసట అక్కా. కొందరికి తెలియదు, వాళ్ళకు కోపం వచ్చింది, రావలసిందే. డబ్బు నా దగ్గర లేదు, హాజరుకు హాజరే ఇస్తానన్నాను. ఒక్కొక్కరి బదులు ఒక్కో రోజు నేను నిలబడతాను, ఆ రోజు ఆ మనిషి ఇంటి దగ్గర ఉంటాడు, కూలి అతనికే పడుతుంది. యాదన్న తన రోజు వద్దన్నాడు. ముసలి సాయిలు మొదట తీసుకున్నాడు, ఆ రోజంతా పడుకున్నాడట. పెద్దరాములు మాత్రం తన పేరుకు నన్ను పలకనివ్వనన్నాడు, ఇప్పటికీ నా నీడ తొక్కడు. కూర్చుని బోల్టులు ఏరే పనే ఇచ్చారు, నా ఆరోగ్యానికి బెంగపెట్టుకోకు. ఇప్పటికి పద్నాలుగు రోజులు తీర్చాను.

రిజిస్టరులో నా పేరు మీద గుమాస్తా గీసిన ఎర్రసిరా గీత ఉంది. దాన్ని తీయిస్తే ఎలిజబెత్ నౌకరి పోతుంది. నా మాత్రలకూ పాలకూ ఏడాదిదాకా ఆ కూలే దిక్కు. అందుకని గీత అలాగే ఉండనివ్వాలని అందరూ అనుకున్నారు. నేనూ సరేనన్నాను.

పొద్దున గేటు దగ్గర హాజరు తీసుకునేటప్పుడు నన్ను ఒకరోజు సాయిలంటారు, ఒకరోజు మల్లయ్యంటారు. నేను పలుకుతాను. అలవాటవుతోంది. మాకన్నా ముందు ప్యాకింగు ఆడవాళ్ళను పిలుస్తారు. గుమాస్తా పుస్తకం చూసి "జ్ఞానప్రకాశం బేవా" అని కేకేస్తాడు. బేవా అంటే ఉర్దూలో విధవ. ఆమె వెనక రెండు అడుగుల దూరంలో నేను వరసలో నిలబడి ఉంటాను. ఎలిజబెత్ వెనక్కి తిరగదు. ఇటు చూడకుండానే "హాజర్" అంటుంది.

వచ్చే ఆదివారం రా.

నీ తమ్ముడు.